యువత సంఘం తరఫున పేదలకు సేవ చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నావు, మీ విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే కతోలిక గుడి, దాని సంఘం) యువత సంఘంలో నాలుగేళ్ళుగా ఉన్నావు. క్రిస్మస్‌కి పశువుల పాక కడతారు, మాత పండక్కి తేరు మోస్తారు, పాటల బృందం ఉంది. పోయిన డిసెంబరులో చందాలు వేసుకుని నలభై దుప్పట్లు కొని రాత్రిపూట బస్టాండు దగ్గర పంచారు. ఇంటికొచ్చాక ఎందుకో వెలితిగా అనిపించింది. "ఉద్యోగం లేదు, చేతిలో డబ్బు లేదు. పేదలకు సేవ చేస్తూ విశ్వాసాన్ని జీవించడమంటే నాలాంటివాడు ఏం చేయాలి?" అని అడిగావు.

సూటిగా చెబుతాను. ఒక్క ఇల్లు చూసుకోండి. ఇద్దరు కలిసి వెళ్ళండి. ప్రతి వారం వెళ్ళండి. కనీసం ఏడాది మానకండి. దుప్పట్లూ బియ్యం మూటలూ ఆ తర్వాత. ఆ నలభై మందిలో ఒక్కరి పేరైనా మీకు తెలుసా? వాళ్ళలో ఎవరికైనా మీ పేరు తెలుసా? నీకు వెలితి అనిపించింది అందుకేనని నా నమ్మకం. దుప్పటి ఇవ్వడం మంచి పనే, చలికి పనికొస్తుంది. కానీ మనిషి పరిచయం కాకుండానే అయిపోయింది.

నేను గుంటూరు జిల్లాలో ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా మా విచారణలో విన్సెంట్ డి పాల్ సభలో చేరాను, పేదల ఇళ్ళకి వెళ్ళి సాయం చేసే కతోలికుల సంఘం అది. ఇప్పటికి 24 ఏళ్ళు. దైవశాస్త్రం మీ ఫాదర్ గారిని అడుగు, నేను చేసినవీ చూసినవీ చెబుతాను.

ఈ "ఇద్దరు, ఒక ఇల్లు, ప్రతి వారం" అన్న పద్ధతి మొదలుపెట్టింది నీ ఈడు కుర్రాళ్ళే. 1833లో, పారిస్‌లో. ఫ్రెడరిక్ ఓజనాం అని లా చదివే విద్యార్థి. అంతకు ముందు ఏడాదే కలరా ఆ ఊరి పేదవాడల్ని ఊడ్చిపెట్టింది. విద్యార్థుల చర్చావేదికలో అతను శ్రీసభ (కతోలిక సంఘం) చరిత్రలో జరిగిన మంచి గురించి మాట్లాడుతుంటే, అవతలి పక్షం వాళ్ళు లేచి అడిగారు: ఒకప్పుడు చేశారు సరే, ఇవాళ మీరేం చేస్తున్నారని. దానికి అతని దగ్గర జవాబు లేదు. ఏప్రిల్ 23న, సరిగ్గా తన ఇరవయ్యో పుట్టినరోజున, మరో ఐదుగురు విద్యార్థులతో, బైయీ అనే పెద్దాయనతో కలిసి మొదటి సమావేశం పెట్టుకున్నాడు. పేదవాళ్ళ గడప ఎలా తొక్కాలో కూడా వాళ్ళకి తెలియదు. మూఫ్తార్ వీధి పేటలో ఏళ్ళ తరబడి పేదల మధ్య పనిచేస్తున్న సిస్టర్ రోజలీ గారి దగ్గరికి వెళ్ళి అడిగారు. ఏ ఇంటికి వెళ్ళాలో, ఎలా మాట్లాడాలో ఆవిడ నేర్పింది. ఆ ఏడుగురితో మొదలైన సభ ఇవాళ 150కి పైగా దేశాల్లో ఉంది. 1997లో పారిస్‌లో ప్రపంచ యువజన దినోత్సవాలు జరుగుతుండగానే రెండో జాన్ పాల్ పోపుగారు ఓజనాంని ధన్యుడిగా, అంటే పునీతుడికి ముందు మెట్టుగా, ప్రకటించారు.

నువ్వు గమనించాల్సింది సిస్టర్ రోజలీ దగ్గరికి వెళ్ళడం. చదువుకున్న కుర్రాళ్ళు తమకు తెలియదని ఒప్పుకుని, తెలిసినావిడ దగ్గర నేర్చుకున్నారు. మీ విచారణలో అలాంటి మనిషి తప్పకుండా ఉంటారు. డిస్పెన్సరీ నడిపే సిస్టర్ గారో, ముప్ఫై ఏళ్ళుగా సైకిల్ మీద పల్లెలు తిరిగి విశ్వాస పాఠాలు చెప్పే ఉపదేశి గారో. ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో వాళ్ళకి తెలుస్తుంది. ముందు వాళ్ళని అడగండి.

ఇక నా అనుభవం. మూడేళ్ళ కిందట మా జంటకి ఒక మామ్మ ఇల్లు అప్పజెప్పారు. వితంతువు, డెబ్బై దాటింది. వయసులో ఉన్నప్పుడంతా మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్ళింది. ఆ పని నువ్వు చూసి ఉండకపోతే చెబుతాను: కాయల కుప్ప ముందు గోనెపట్టా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, మూతికి కొంగు బిగించి, చేతులకి నూనె రాసుకుని. అయినా మంట ఆగదు. సాయంత్రం ఇంటికెళ్ళి పిల్లాడి ముఖం కడగడానికి కూడా భయపడతారు. మామ్మ వేళ్ళ మీద గీతలు దాదాపు చెరిగిపోయాయి. పింఛను కోసం మిషను మీద వేలు పెడితే పడేది కాదు.

మేం మొదటి నాలుగు నెలలూ బియ్యం మోసుకెళ్ళాం. ఐదో నెలలో ఆవిడే అంది, "బియ్యం డీలరు దగ్గర ఊరికే వస్తున్నాయి నాయనా. ఈ బిళ్ళల్లో ఏది ఎప్పుడు వేసుకోవాలో కాస్త చూసి చెప్పండి" అని. దిండు కింద నుంచి బట్టల కొట్టు కవరు ఒకటి తీసి ఇచ్చింది. నాతో వచ్చే కుర్రాడు బి.ఫార్మసీ రెండో ఏడాది. అట్టలన్నీ మంచం మీద పరిచాడు. ఒక అట్ట తీసి వెనక్కి తిప్పాడు, ఇంకోటి తీసి తిప్పాడు, రెండూ పక్కపక్కన పెట్టాడు. పేర్లు వేరు, కంపెనీలు వేరు, లోపల మందు ఒకటే, షుగరుకి ఇచ్చే మెట్‌ఫార్మిన్. ఒక డాక్టరు రాసింది ఒకటి, ఇంకో చోట రాసింది ఇంకోటి. మామ్మ రెండూ వేసుకుంటోంది. నెలన్నరగా విరేచనాలు, తిన్నది ఇమడదు, "ముసలితనం నాయనా" అని సరిపెట్టుకుంది. మేమూ ఆ ముక్క విని తలూపి వచ్చినవాళ్ళమే.

మేం ఏ బిళ్ళా ఆపించలేదు. అది మన పని కాదు. మర్నాడు పొద్దున్నే అట్టలన్నీ కవరులో వేసి, మామ్మని ఆటో ఎక్కించి పీహెచ్‌సీకి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చూసి ఒకటి తీసేసి, మోతాదు సరిచేసి, చీటీ మీద సూర్యుడి బొమ్మా చంద్రుడి బొమ్మా వేసి ఇచ్చింది. పది రోజుల్లో మామ్మ లేచి తిరిగింది.

నాలుగు నెలల బియ్యం చేయలేనిది, అట్ట తిప్పి చదవడం చేసింది. కానీ ఆ నాలుగు నెలలు వెళ్ళకపోతే దిండు కింద కవరు మా చేతికి ఇచ్చేది కాదు. మొదటి వారమే "మీకేం కావాలి" అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. ఏదో ఒకటి చెప్పి పంపేస్తారు. అడగాల్సిన పని లేకుండా వాళ్ళే చెప్పే రోజు వస్తుంది, దానికి టైము పడుతుంది.

"ప్రతి వారం" అని అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా రాయాలి. నాకు ఇది రాయడం కష్టం. నేను సభలో చేరిన కొత్తలో ఒక హమాలీ ఇంటికి వెళ్ళేవాళ్ళం. ముప్ఫై ఏడేళ్ళు, టీబీ. ఆరు నెలల కోర్సు, బిళ్ళలు సర్కారు ఉచితంగా ఇస్తుంది. మేం వెళ్ళినప్పుడు మా ముందే మింగేవాడు, కాసేపు పేకాట కబుర్లు చెప్పేవాడు. మూడో నెలకి దగ్గు తగ్గింది, ఒళ్ళు చేసింది. అప్పుడే డిసెంబరు వచ్చింది. పాక కట్టడం, ఇంటింటికీ క్రిస్మస్ పాటలు, నాటకం రిహార్సల్. మూడు వారాలు వెళ్ళలేదు. జనవరిలో వెళ్తే ఇంటికి తాళం. బాగయిందని బిళ్ళలు మానేశాడట, మళ్ళీ పనికి వెళ్ళాడట, రక్తం పడితే భార్య వాళ్ళ ఊరు తీసుకెళ్ళారట. మార్చిలో పోయాడని తెలిసింది.

మేం వెళ్ళి ఉంటే బతికేవాడని అనను. అలా అనే హక్కు నాకు లేదు. కానీ ఆ మూడు వారాలూ మేము బాలయేసుకి పాక కడుతూ ఉన్నాం. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు "నేను రోగినై ఉంటిని" అంటాడు చూడు, ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు ఆ తాళం కనిపిస్తుంది. అప్పటి నుంచి మా సభలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: పండగైనా, పరీక్షలైనా ఇంటికి వెళ్ళడం ఆగదు. ఒకరికి కుదరకపోతే ఇంకొకరు వెళ్తారు. మీరూ ఆరుగురైనా ఉంటే మూడు జంటలవుతారు, పరీక్షలప్పుడు ఒకరి బదులు ఒకరు సర్దుకోవచ్చు.

టీబీ ఇల్లు తగిలితే ఒక్క విషయం గుర్తుపెట్టుకో. నిక్షయ్ పోషణ్ యోజన కింద మందు వాడుతున్నంతకాలం పౌష్టికాహారానికి నెలకి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఖాతా వివరాలు ఇవ్వక అవి అందనివాళ్ళు ఉంటారు.

ఇప్పుడు మన తెలుగు కతోలికుల ఇళ్ళల్లో గట్టిగా మాట్లాడుకోని విషయం. పేదలంటే ఎక్కడో బయటివాళ్ళు కారు. మన సంఘంలో అధిక శాతం దళిత కుటుంబాలు. నీది కూడా అలాంటి కుటుంబమే అయితే, "పేదలకు సేవ" అన్న మాట నీకు కొంచెం ఎబ్బెట్టుగా ఉండి ఉంటుంది. మా అమ్మా నాన్నలూ కూలికి వెళ్ళినవాళ్ళే. అయినా చెబుతున్నాను, చదువుకున్న నీకూ పక్కింటి చదువుకోని పెద్దమ్మకీ మధ్య ఒక ఫారం అంత దూరం ఉంది. ఆ ఫారం నువ్వు నింపితే చాలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి వచ్చిన దళితులకి ఎస్సీ హోదా లేదు, మన రెండు రాష్ట్రాల్లోనూ వాళ్ళు బీసీ-సీ కింద 1 శాతం కోటాలో ఉన్నారు. ఏ సర్టిఫికెట్‌కి అప్లై చేయాలో తెలియక సీట్లూ ఫీజులూ పోగొట్టుకున్న పిల్లల్ని మా కాలనీలోనే చూశాను. ఇలాంటిచోట ఇంజనీరింగ్ కుర్రాడి సాయం బియ్యం మూట కంటే ఎక్కువ.

మీలో పెద్దకులాల కుటుంబాల పిల్లలు ఉంటే వాళ్ళకి విడిగా చెప్పు: వెళ్ళిన ఇంట్లో నీళ్ళు తాగాలి. మా కుర్రాడొకడు ఒకసారి కాలనీలో ఒకావిడ గ్లాసుతో నీళ్ళు తెస్తే, "వద్దండీ" అని తన బాటిల్ తీసి తాగాడు. వాడి మనసులో ఏమీ లేదు, కడుపు పాడవుతుందని వాళ్ళమ్మ బాటిల్ ఇచ్చి పంపింది. మరుసటి వారం వెళ్తే ఆవిడ కుర్చీ వేయలేదు. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపింది. ఆ ఇంట్లో మళ్ళీ కూర్చోవడానికి మాకు మూడు నెలలు పట్టింది, అదీ వాడు సిగ్గు విడిచి "అమ్మా, దాహమేస్తోంది" అని అడిగి తాగాక. మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంథోని గారు 2022లో కార్డినల్ (పోపుగారి తర్వాతి స్థానం) అయ్యారు, దళితుల్లో నుంచి ఆ స్థానానికి వెళ్ళిన మొదటివారు ఆయనే. ఆ రోజు మా విచారణలో గంటలు మోగించి మిఠాయిలు పంచుకున్నాం. ఆ సంతోషం నిజమైతే మనం ఆ ఇళ్ళల్లో గ్లాసు అందుకోవాలి.

ఫోటోల సంగతి క్లుప్తంగా: తీయకండి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. దాతలకి లెక్క చూపాలంటే రసీదులు చూపండి.

డబ్బు విషయంలో రెండు దెబ్బలు తిని నేర్చుకున్నాం. చేతికి నగదు ఇవ్వొద్దు. అద్దె అయితే ఇంటి ఓనరుకి, మందులైతే షాపుకి నేరుగా కట్టండి. అప్పు అసలే ఇవ్వొద్దు, అప్పిచ్చాక ఆ ఇంటివాళ్ళు మిమ్మల్ని చూస్తే తలుపు వెనక్కి వెళ్తారు. మా సభలో వారం వారం సంచి తిప్పుతాం, చెయ్యి లోపల పెట్టి తీయాలి, ఎవరు ఎంత వేశారో పక్కవాడికి కూడా తెలియదు. ఏమీ వేయలేని విద్యార్థి కూడా ఉత్తి చెయ్యి పెట్టి తీయొచ్చు. ఇది ఓజనాం కాలం నుంచీ వస్తున్న పద్ధతే.

హిందువుల ఇళ్ళకీ, ముస్లింల ఇళ్ళకీ వెళ్తాం. మతం ఊసెత్తం, కరపత్రాలు పట్టుకెళ్ళం. ప్రార్థన చేయమని వాళ్ళే అడిగితే అక్కడే చేస్తాం. రోజులు బాగా లేవని మీ పెద్దలు భయపడొచ్చు, ఆ భయాన్ని కొట్టిపారేయకు. ఫాదర్ గారికి చెప్పి వెళ్ళండి, అమ్మాయిలు ఉంటే ఇద్దరూ అమ్మాయిలే వెళ్ళండి లేదా ఒక పెద్దావిడని తోడు తీసుకెళ్ళండి, చిన్నపిల్లలతో ఎవరూ ఒంటరిగా గదిలో ఉండొద్దు.

"ఇదంతా ఏ స్వచ్ఛంద సంస్థ అయినా చేస్తుంది కదా, విశ్వాసం ఎక్కడుంది?" అని కూడా చివర్లో అడిగావు. మీ యువత గదిలో కార్లో అకుతిస్ బొమ్మ ఉండే ఉంటుంది, పదిహేనేళ్ళకే చనిపోయిన ఇటలీ కుర్రాడు. 2025 సెప్టెంబరు 7న 14వ లియో పోపుగారు కార్లోతో పాటు ఇంకో యువకుణ్ణి కూడా పునీతుడిగా ప్రకటించారు: పియెర్ జోర్జో ఫ్రసాతి. మనవాళ్ళు కార్లోని పట్టుకుని ఇతన్ని వదిలేశారు, నాకు అదొక బాధ. ఇటలీలోని తురీను ఊరివాడు. నాన్న పెద్ద పత్రిక యజమాని. ఇతను 17 ఏళ్ళకే విన్సెంట్ డి పాల్ సభలో చేరాడు. గని కార్మికులకి దగ్గరగా ఉండొచ్చని మైనింగ్ ఇంజనీరింగ్ చదివాడు. నీలాగే ఇంజనీరింగ్! రోజూ దివ్యసత్ప్రసాదం (పూజలో ప్రభువు శరీరంగా స్వీకరించే అప్పం) తీసుకునేవాడు, రోజూ పేదల ఇళ్ళకి వెళ్ళేవాడు. ఉదయం ప్రభువు నా దగ్గరికి వచ్చాడు, నేను తిరిగి చూడటానికి వెళ్ళాలి కదా అన్నట్టు. అతనికి ఈ రెండూ వేర్వేరు పనులు కావు.

1925లో, 24 ఏళ్ళ వయసులో, పోలియో వచ్చింది. ఏ రోగి ఇంట్లోనో అంటుకుని ఉంటుందని అనుకుంటారు. అదే వారం ఇంట్లో అమ్మమ్మ చావుబతుకుల్లో ఉండటంతో ఇతని జబ్బు ఎవరూ పట్టించుకోలేదు. చనిపోయే ముందు రోజు సాయంత్రం, చెయ్యి సగం పడిపోయాక, వంకర టింకర అక్షరాలతో స్నేహితుడికి ఒక చీటీ రాశాడు. ఫలానా అతనికి ఇంజెక్షన్లు ఇవ్వాలి, ఇంకొకతని తాకట్టు చీటీ నా దగ్గరుండిపోయింది, నా లెక్కలో తిరగరాయించు అని. జులై 4న పోయాడు. అంత్యక్రియలకి వీధుల నిండా వచ్చిన పేదవాళ్ళని చూసి సొంత ఇంటివాళ్ళే ఆశ్చర్యపోయారు.

ఆ తాకట్టు చీటీ నన్ను వదలదు. ఎవరి వస్తువు ఏ కొట్లో ఉందో, గడువు ఎప్పుడు తీరుతుందో, చావు మంచం మీద గుర్తుంది. నలభై మందికి పంచితే అది గుర్తుండదు. ఒక ఇంటికి ఏళ్ళ తరబడి వెళ్తే గుర్తుంటుంది. అందుకే మేం ఆదివారం పూజ అయ్యాక పావుగంట దివ్యసత్ప్రసాదం ముందు మౌనంగా కూర్చుని, ఏ ఇంటికి వెళ్ళబోతున్నామో ఆ ఇంటివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే మనసులో చెప్పుకుని లేస్తాం. ఆ పావుగంట మానేసిన రోజుల్లో నాకు విసుగొస్తుంది, వాచీ చూసుకుంటాను, మామ్మ చెప్పిందే చెబుతుంటే మాట తుంచేస్తాను. కూర్చుని వెళ్ళిన రోజు వినగలుగుతాను. నీ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇదే.

మొదటి నెలకి నువ్వు చేయాల్సింది ఇంత. ఈ ఆదివారం సిస్టర్ గారినో ఉపదేశి గారినో కలిసి ఒక ఇంటి పేరు అడుగు. మొదటిసారి వాళ్ళనే వెంట తీసుకెళ్ళు. చేతిలో ఏమీ పట్టుకెళ్ళొద్దు, మరీ మొహమాటంగా ఉంటే అరటిపళ్ళు చాలు. అరగంట కూర్చో, ఎక్కువ విను. వచ్చాక చిన్న నోటు పుస్తకంలో రాసుకో: ఎవరి పేరేంటి, ఏ మందు, పింఛను పడిందా, మనవడు ఏ క్లాసు. వేలిముద్ర పడనివాళ్ళుంటే సచివాలయానికి తోడు వెళ్ళు, కంటిపాపతోనో ముఖంతోనో తీసుకునే పద్ధతులు ఉన్నాయి, అడిగితేనే చూస్తారు. నవంబరులో పేదల ప్రపంచ దినం వస్తుంది, ఫ్రాన్సిస్ పోపుగారు 2017లో మొదలుపెట్టింది. ఆ రోజు ప్యాకెట్లు పంచకుండా, మీరు వెళ్ళే ఇళ్ళవాళ్ళని గుడికి పిలిచి ఒకే బంతిలో పక్కపక్కన కూర్చుని భోంచేయండి.

మొదటి రెండు మూడు వారాలు ఏం మాట్లాడాలో తెలియక ఇబ్బందిగా ఉంటుంది, అది మామూలే. నెల తర్వాత ఎలా ఉందో ఇక్కడే రాయి. సర్టిఫికెట్, పింఛను, ఆసుపత్రి విషయాల్లో చిక్కు వస్తే అడుగు, రాత్రి తొమ్మిది దాటాక చూసి జవాబిస్తాను.